రెండు వేల లిమిట్ ఎవరికి?

ప్రశ్న: మేము హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేస్తాను, చేతికి 92,000 వస్తుంది. నా భార్య ప్రైవేట్ స్కూల్లో టీచర్, ఆమెకు 34,000. ఐదేళ్ల కిందట ఫ్లాట్ కొన్నాం, రిజిస్ట్రేషన్ నా పేరు మీదే ఉంది. అప్పట్లో డబ్బు తక్కువైతే ఆమె నగలు బ్యాంకులో పెట్టి మూడు లక్షలు తెచ్చాం. అవి ఇంకా అక్కడే ఉన్నాయి, ఏటా వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నాం.

ఖర్చులు చేయి దాటుతున్నాయని రెండేళ్ల కిందట ఇద్దరం కూర్చుని ఒక రూల్ పెట్టుకున్నాం. 2,000 దాటిన ఏ ఖర్చయినా మాట్లాడుకున్నాకే చేయాలి. నేను పాటిస్తున్నాను, ఆమె పాటించడం లేదు. మొన్న వాళ్ల అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి 6,500 పెట్టి లంగా ఓణీ కొంది. లిమిట్ దాటలేదనిపించడానికి షాపువాళ్లకు విడతలుగా కట్టింది. 1,900 చొప్పున మూడుసార్లు, చివర్లో 800. పోయిన నెల సూర్యాపేటలో వాళ్లమ్మ కంటి శుక్లాల ఆపరేషన్‌కి 18,000 పంపి, మూడు రోజుల తర్వాత చెప్పింది. వాళ్లన్నయ్య ఉన్నాడు కదా, ఆయన చూసుకోవాలి కదా అన్నాను. అక్కడ మొదలైన గొడవ ఇంకా ఆగలేదు. ప్రకాశం జిల్లాలో ఉన్న మా తమ్ముడికి బోరు వేయించుకోవడానికి నేను 1,20,000 ఇచ్చాను, దాన్ని ఎత్తి చూపుతోంది. అది ఇంటి ఖర్చు కాదు, చేబదులు. తిరిగొచ్చేదే కదా అని చెప్పలేదు.

ఆమె ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంటుంది, పిన్ కూడా తెలుసు. అయినా ఫోన్‌లో కట్టేస్తోంది. జీతం నా అకౌంట్‌లో పడేలా మార్చుకోమంటే నాలుగు రోజులు మాట్లాడలేదు. మా అమ్మ కూడా జీతం మొత్తం నీ చేతికి వస్తేనే ఇల్లు నిలబడుతుంది అంటోంది. జాయింట్ అకౌంట్ తీస్తే ఈ గొడవ తీరుతుందా? నేను అడిగింది తప్పా? మా నెల ఖర్చుల పట్టిక కూడా పంపుతున్నాను.

- పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం:

మీ ఉత్తరంలో ఉన్న అంకెలన్నీ ఒక కాగితం మీద రెండు వరుసల్లో రాసుకున్నాను. బ్యాంకు ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు, రిటైరైనా వదల్లేదు. ఆమె రూల్ దాటి ఖర్చు పెట్టినవి 6,500, 18,000. కలిపితే 24,500. మీ వరుసలో 1,20,000 ఉంది. అది కాక, పట్టికలో కింద ఎక్కడో ‘ఫోన్ వాయిదా 3,200’ అని ఒకటి కనిపించింది. ఆ ఫోన్ కొనేముందు ఆమెతో మాట్లాడారా? మాట్లాడి ఉంటే ఈ మాట వెనక్కి తీసుకుంటాను. మాట్లాడకపోతే, ‘నేను పాటిస్తున్నాను’ అన్న వాక్యం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి.

తమ్ముడికి ఇవ్వడం తప్పని నేననను. ప్రకాశం జిల్లాలో నీళ్లు పడక తోట ఎండిపోతుంటే అన్నదమ్ముడు చూస్తూ ఊరుకోలేడు. కానీ అది ఇంటి ఖర్చు కాదంటున్నారే, ఆ లెక్క నాకు ఎక్కలేదు. ఆ లక్షా ఇరవై వేలు ఏ డబ్బులోంచి వెళ్లాయి? ఇంటి డబ్బులోంచే కదా. తిరిగొస్తే సంతోషం. వచ్చేదాకా అది మీ ఇంట్లో లేని డబ్బే. పైగా బోరు కింద ఇచ్చిన చేబదులు పంట చేతికొచ్చాక, దానికి రేటు పలికాక, ఎరువుల కొట్టు బాకీ తీరాక వెనక్కి వస్తుంది. ఆ మాట నాకంటే మీకే బాగా తెలుసు.

అత్తగారి ఆపరేషన్ సంగతికి వద్దాం. ‘వాళ్లన్నయ్య ఉన్నాడు కదా’ అన్న మాట మన ఇళ్లలో చాలా మామూలుగా వినిపిస్తుంది. చట్టం మాత్రం అలా అనుకోవడం లేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం పెద్దవాళ్లయిన తల్లిదండ్రుల్ని చూసుకునే బాధ్యతను కొడుకుతో పాటు కూతురి మీదా పెట్టింది. సొంత సంపాదన ఉన్న కూతురు పెళ్లయినా సరే ఆ బాధ్యత నుంచి తప్పుకోలేదని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2007లో వచ్చిన వృద్ధుల సంక్షేమ చట్టం కూడా పిల్లలంటే కొడుకులూ కూతుళ్లూ అనే లెక్క వేసింది. మన దగ్గర ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం సవరించింది 1986లో, దేశమంతటికీ అది వచ్చింది 2005లో. వాటా దగ్గర కూతురు గుర్తొచ్చి, ఆసుపత్రి బిల్లు దగ్గర అన్నయ్య గుర్తొస్తే ఎలా? మీ అమ్మానాన్నలకు నెలకు 10,000 పంపుతున్నట్టు పట్టికలో ఉంది. చాలా మంచి పని, మానొద్దు. కానీ ఆ పది వేలకు ప్రతి నెలా ఎవరి అనుమతీ అక్కర్లేదు, పట్టికలో ఒక లైను వేసుకుని కూర్చుంది. ఆమె తల్లికి మాత్రం లైను లేదు, ప్రతిసారీ అర్జీ పెట్టుకోవాలి. అర్జీ తిరస్కరిస్తారని ముందే తెలిసిన మనిషి ఏం చేస్తుంది? ముందు పంపి, తర్వాత చెబుతుంది. మీరన్న మాట చూస్తే ఆమె భయం నిజమే అయింది.

అలాగని ఆమె చేసిందంతా సరే అనను. ఈ కాలమ్ ఆమె కూడా చదువుతుందేమో కాబట్టి అమ్మాయికీ ఒక మాట. తల్లికి పంపడంలో తప్పు లేదు, మూడు రోజులు దాచడంలో ఉంది. ఆ విడతల చెల్లింపు అయితే మరీను. 1,900, 1,900, 1,900, 800 అని చదివి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే బాధ కూడా వేసింది. ఇద్దరు పిల్లల తల్లి, తరగతి గదిలో నలభై మందికి లెక్కలు నేర్పే మనిషి, ఒక లంగా ఓణీ కోసం సొంతింట్లో లెక్కలు తారుమారు చేయాల్సి వచ్చింది. పూర్వం మన అమ్మలు పోపులడబ్బాలో దాచినట్టు ఇప్పుడు ఫోన్‌లో దాస్తున్నారు. అప్పట్లో సంపాదన లేదు కాబట్టి దాచుకున్నారు, ఇప్పుడు సంపాదన ఉండీ దాచుకోవాల్సి వస్తోంది. కాబట్టి లోపం ఆ రూల్లోనే ఉంది.

మీ రూల్లో లోపం రెండు వేలు అన్న అంకె కాదు, దాన్ని ఐదు వేలు చేసినా గొడవ ఆగదు. ‘మాట్లాడుకున్నాకే’ అని పెట్టుకున్నారు. అంటే ఒకరు అడగాలి, ఇంకొకరు సరే అనాలి. ఎవరి జీతం ఎక్కువో వాళ్లు అడిగించుకునేవాళ్లు అవుతారు, రెండోవాళ్లు అడిగేవాళ్లుగా మిగిలిపోతారు. కావాలని ఎవరూ చేయరు, అలా జరిగిపోతుంది. అడగడం మానేసి, చెప్పడం పెట్టుకోండి. ఐదు వేలు దాటే ఖర్చయితే ‘ఇది కొంటున్నాను, ఇంతవుతుంది’ అని ఒక మెసేజ్ పడేస్తే చాలు. అవతలివాళ్లు అభ్యంతరం ఉంటే చెప్పొచ్చు కానీ ఆపే హక్కు ఉండదు. వినడానికి తేడా చిన్నదే. కానీ చెప్పడానికి ఎవరూ భయపడరు, కాబట్టి దాచాల్సిన పని ఉండదు. పిల్లల స్కూలు బూట్ల నుంచి మిక్సీ రిపేరు దాకా అన్నింటికీ ఇది సరిపోతుంది.

కొన్నింటికి మాత్రం చెప్పడం చాలదు, ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే. కొత్త అప్పు తీసుకోవడం, బయటివాళ్లకు గానీ చుట్టాలకు గానీ పది వేలు దాటి చేబదులు ఇవ్వడం, వాయిదాల మీద ఏదైనా కొనడం, ఇంకా ఎవరికైనా హామీ సంతకం పెట్టడం. ఈ చివరిది విడిగా చెబుతున్నాను, ఎందుకంటే మీలాంటి నెల జీతగాళ్లకు ఈ బెడద ఎక్కువ. చీటీ పాడుకున్న స్నేహితుడు జామీను కావాలని వస్తాడు, ‘ఊరికే సంతకమే కదరా’ అంటాడు. అతను కట్టడం ఆపేస్తే చట్టం దృష్టిలో మీరూ అతనూ ఒకటే. చీటీవాళ్లు ముందు అతని వెంటపడి, కుదరకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం కూడా ఏమీ లేదు, నేరుగా మీ దగ్గరికే రావచ్చు. అలాంటి సంతకం ఇంట్లో చెప్పకుండా పెట్టడమంటే ఇంకొకరి జీతం కూడా తాకట్టు పెట్టడమే. ఒంట్లో బాగోలేకపోతే మాత్రం ఇవేవీ వర్తించవు. ముందు కట్టేయాలి, అదే రోజు చెప్పాలి. మీ అమ్మకైనా, వాళ్లమ్మకైనా.

ఇప్పుడు జీతం మీ అకౌంట్‌కి మార్చడం సంగతి. మీరు అడిగింది తప్పా అన్నారు. తప్పే. ఒక్కసారి తిప్పి చూసుకోండి. మీ 92,000 ఆమె అకౌంట్‌లో పడి, పెట్రోలుకి మీరు అడిగి తీసుకోవాలంటే ఒప్పుకుంటారా? భార్య సంపాదన బలవంతంగా లాక్కోవడం, ఆమె డబ్బు ఆమె చేతికి అందకుండా చేయడం 2005 నాటి గృహహింస చట్టంలో ఆర్థిక హింస కిందికే వస్తాయి. మీరు అలాంటి మనిషని నేననుకోవడం లేదు. అలాంటి మనిషైతే నెల పట్టిక ఇంత ఓపిగ్గా రాసి పంపడు. కానీ దారి అటే ఉంది, తెలిసి ఉండటం మంచిది.

ఏటీఎం కార్డు ఈ రోజే ఆమెకు ఇచ్చేయండి. ఇందులో మర్యాద ఒక్కటే కాదు, మీ డబ్బు క్షేమం కూడా ఉంది. బెంగళూరులో ఒకావిడ కార్డు తీసుకుని భర్త ఏటీఎంకి వెళ్లాడు. 25,000 ఖాతాలో తగ్గాయి, మిషన్‌లోంచి మాత్రం నోట్లు రాలేదు. బ్యాంకు ఇవ్వనంది, వాళ్లు వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. ఏళ్ల తరబడి తిరిగాక 2018లో తీర్పు వచ్చింది. పిన్ ఇంకొకరికి చెప్పడం నిబంధనలకు విరుద్ధం, భర్త అయినా సరే, కాబట్టి డబ్బు రాదని. ‘మొగుడూ పెళ్లాలం, మా మధ్య ఏముంది’ అన్న వాదన బ్యాంకు కౌంటర్లో పనిచేయదు. ఆ మాట విసుగ్గా చెప్పిన సందర్భాలు నాకూ ఉన్నాయి.

జాయింట్ అకౌంట్ తీయండి, కానీ మూడోదిగా. మీ జీతం మీ ఖాతాలోనే, ఆమె జీతం ఆమె ఖాతాలోనే పడనివ్వండి. ఉమ్మడి ఖాతాని ‘ఇద్దరిలో ఎవరైనా’ నడిపేలా తీసుకోండి, ఇద్దరి ఫోన్ నంబర్లూ ఇవ్వండి. చాలా ఇళ్లలో ఖాతా భార్యది, మెసేజీలు వచ్చేది భర్త ఫోన్‌కి. నామినీని రాయడం మరిచిపోవద్దు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఇలాంటి ఖాతాలో ఉన్న డబ్బు మొత్తం ఇద్దరిలో ఎవరైనా ఒక్క సంతకంతో తీసేయొచ్చు, బ్యాంకు రెండోవాళ్లను అడగదు. నమ్మకం లేకుండా జాయింట్ అకౌంట్ తీస్తే గొడవ తగ్గదు, కొత్త గొడవకు స్టేట్‌మెంట్ దొరుకుతుంది.

మీ అంకెలతోనే లెక్క వేశాను. ఇంటి లోను 38,500. పిల్లల ఫీజులు నెలకు సగటున 14,000. పచారీ, పాలు, కూరగాయలు 17,000. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 3,500, కరెంటు గ్యాసు నెట్టు ఫోన్ బిల్లులు 4,500, పెట్రోలు 6,000, పనిమనిషికి 3,000, మీ అమ్మానాన్నలకు 10,000, ఇన్సూరెన్స్ 4,000, బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ 8,000, మీ ఫోన్ వాయిదా 3,200. మొత్తం 1,11,700. వచ్చేది 1,26,000. మిగిలే 14,300 ఎటు పోతోందో తెలియడం లేదని రాశారు. కొంత నేను చెప్పగలను. నగల లోను వడ్డీ పట్టికలో లేదు! మూడు లక్షలకు తొమ్మిది శాతం అనుకున్నా ఏడాదికి 27,000, అంటే నెలకు 2,250. ఏడాదికోసారి కడతారు కాబట్టి నెల లెక్కలోకి రాలేదు.

మిగతా పన్నెండు వేలలో పెద్ద భాగం చుట్టరికాలకే పోతుంది. తెలుగువాళ్ల బడ్జెట్‌లో ఎవరూ రాయని పద్దు ఇది. శ్రావణంలో పెళ్లిళ్లు, మాఘంలో పెళ్లిళ్లు, మధ్యలో ఓణీలు, పంచెలు, బారసాలలు, గృహప్రవేశాలు. ఒక్కొక్క ఫంక్షన్‌కి చదివింపులు ఒక వెయ్యో రెండు వేలో, దగ్గరివాళ్లయితే బట్టలు, దూరమైతే రానుపోను ఛార్జీలు. ‘మనకు వాళ్లెంత పెట్టారు’ అని పాత పెళ్లి పుస్తకం తీసి చూసే సంసారాలు మనవి. మానమని చెబితే మానేవాళ్లు లేరు, నేనూ మానలేదు. కాబట్టి దానికి ఒక లైను వేయండి. ఏడాది మొదట్లోనే ఏ పెళ్లిళ్లున్నాయో రెండు వైపులవీ రాసుకోండి. అక్క కూతురి ఓణీలు హఠాత్తుగా ఊడిపడే ఖర్చు కాదు, మీ బాబాయి కొడుకు పెళ్లీ కాదు.

ఇద్దరూ తలా 4,000 సొంతానికి ఉంచుకోండి. జీతాలు వేరైనా ఇది సమానంగానే ఉండాలి. బడి నుంచి వచ్చి వంట చేసి, పిల్లల హోంవర్క్ చూసే మనిషి పనికి ఎవరూ జీతం ఇవ్వడం లేదు. ఈ నాలుగు వేలకు లెక్కాపత్రం ఉండదు. ఆమె చీర కొన్నా, మీరు స్నేహితులతో బిర్యానీకి వెళ్లినా ఎవరూ అడగకూడదు. మిగతాది, మీ నుంచి 88,000, ఆమె నుంచి 30,000, నెల మొదట్లోనే ఉమ్మడి ఖాతాలో వేయండి. 1,18,000 అవుతుంది. ఇంటి లోనుతో సహా అన్నీ అందులోంచే పోవాలి, ఒక్క మీ ఫోన్ వాయిదా తప్ప. అది మీ నాలుగు వేలలోంచి. అవును, మీకు మిగిలేది 800. వాయిదాలు తీరేదాకా బిర్యానీ కొంచెం కష్టమే.

ఫోన్ తీసేసి, నగల వడ్డీ కలిపితే ఉమ్మడి ఖర్చులు 1,10,750 అవుతాయి. 7,250 మిగులుతుంది. అందులో 3,000 ప్రతి నెలా ఆమె తల్లి పేరున పక్కన పెట్టండి. పంపాలా, దాచాలా అన్నది ఆమె ఇష్టం. ఆ లైను మీ చేత్తో మీరే రాయండి. మిగిలిన 4,250 పండుగలకీ ఫంక్షన్లకీ. సరిపోకపోతే ఏది తగ్గించాలో అప్పుడు ఇద్దరూ కలిసి చూడొచ్చు, కనీసం ఎక్కడ తక్కువైందో కనిపిస్తుంది.

ఉత్తరంలో మీరు రెండు వాక్యాల్లో దాటేసిన నగల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. 18,000 గురించి పేరా రాశారు, మూడు లక్షల నగల గురించి రెండు లైన్లు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఆమె సొంతం, దాని మీద భర్తకు హక్కు లేదు. కష్టకాలంలో వాడుకుంటే తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉందని 2024లో కూడా సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. ఆ నగలతో కొన్న ఫ్లాటు మీ పేరున ఉంది. ఆమె జీతం కూడా ఇంటి ఖర్చులకే పోతోంది. ఆమె ఏ పెళ్లికి వెళ్లినా మెళ్లో ఏముందో చుట్టాలు చూస్తారు, ఆమె ఏదో ఒకటి చెబుతుంది. ఐదేళ్లుగా చెబుతోంది. తల్లి కంటికి పంపిన డబ్బుకి అనుమతి తీసుకోలేదని మీరు అరిచిన రోజు ఆమెకు ఆ నగలు గుర్తొచ్చి ఉండవంటారా?

కాబట్టి ముందు చేయాల్సిన పని ఇది. ఆరున్నర, ఏడు శాతం వడ్డీకి నెలకు 8,000 దాస్తున్నారు, తొమ్మిది శాతానికో ఇంకా పైనో అప్పు మోస్తున్నారు. దాచే డబ్బుకి వచ్చే వడ్డీ కంటే కట్టే వడ్డీ ఎక్కువైనప్పుడు దాచడం అన్న మాటకు అర్థం లేదు. రికరింగ్ డిపాజిట్ రెండేళ్లుగా కడుతున్నారట, రెండు లక్షలు దాటి ఉంటుంది. మూసేయండి, గడువుకి ముందే తీస్తే వడ్డీ కొంచెం తగ్గుతుంది, పర్వాలేదు. యాభై వేలు అత్యవసరానికి ఉమ్మడి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, లక్షన్నర నగల లోనుకు కట్టండి. ఆ తర్వాత ఆ నెలవారీ 8,000 కూడా దానికే. ఏడాదిన్నర, రెండేళ్లలో తీరిపోతుంది. తమ్ముడు ఎంత ఇస్తే అంత ముందుగా తీరుతుంది. అతనితో ‘నువ్వు ఇచ్చేది వదిన నగలకు’ అని చెప్పండి, అంత మాత్రం చెప్పొచ్చు.

ఇంకో కిటుకు ఉంది, మీరు గమనించినట్టు లేరు. ఐదేళ్ల కిందటితో పోలిస్తే బంగారం ధర రెట్టింపు దాటింది. అప్పుడు మూడు లక్షలకు ఎంత బంగారం పెట్టారో, ఇప్పుడు అదే అప్పుకు అంత అక్కర్లేదు. లక్షన్నర కట్టేశాక అయితే అందులో పావు వంతు కూడా అక్కర్లేకపోవచ్చు. ఏటా వడ్డీ కట్టి సంతకం పెట్టి వచ్చేస్తుంటే మొత్తం సంచీ అలాగే లాకర్లో ఉండిపోతుంది, బ్యాంకువాళ్లు తమంతట తాము తీసి ఇవ్వరు. ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లి, పాత లోను మూసి, తక్కువ నగలతో కొత్తది రాయించండి. ఏవి ఇంటికి తెచ్చుకోవాలో ఆమెనే ఎంచుకోనివ్వండి.

ఫ్లాట్‌లో ఆమె పేరు చేర్చడం ఇప్పటికిప్పుడు తేలేది కాదు. లోను నడుస్తున్నప్పుడు బ్యాంకు ఒప్పుకోవాలి, గిఫ్ట్ డీడ్ రాస్తే స్టాంపు డ్యూటీ పడుతుంది. తొందరపడకండి, కానీ ఆ మాట మీ నోటి నుంచి ముందుగా రావాలి. పైగా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఒక లాభం ఉంది. ఇద్దరూ ఓనర్లై, ఇద్దరూ లోను తీసుకుని కడుతుంటే, సొంతానికి ఉంటున్న ఇంటి వడ్డీ మీద తలా రెండు లక్షల దాకా మినహాయింపు తీసుకోవచ్చు. కొత్త విధానంలో అది లేదు. మళ్లీ ఎప్పుడైనా ఇల్లు గానీ స్థలం గానీ కొంటే మొదటి రోజే రెండు పేర్లూ రాయించండి.

మాట ఎలా మొదలుపెట్టాలన్నది మీరు అడగలేదు, కానీ గొడవ మళ్లీ అక్కడే మొదలవుతుంది. అన్నం దగ్గర వద్దు, పిల్లల ముందు వద్దు, మీ అమ్మ ఫోన్ పెట్టేసిన వెంటనే అసలు వద్దు. ఒక ఆదివారం ఉదయం పిల్లలు కిందికి ఆడుకోవడానికి వెళ్లాక పట్టిక తీసి కూర్చోండి. కొత్త రూల్ దగ్గర మొదలుపెట్టొద్దు, ‘నువ్వు’ అని కూడా మొదలుపెట్టొద్దు. ‘మీ అమ్మ కంటికి మనం పంపాల్సిందే. ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. తమ్ముడికి ఇచ్చింది నీకు చెప్పాల్సింది. నగలు విడిపిద్దాం, ఎలాగో చూశాను, నువ్వూ చూడు’ అనండి. ఆమె వెంటనే కరిగిపోతుందని నేను చెప్పను. రెండేళ్ల కోపం ఉంది, ఒక గంట పాత లెక్కలు వినాల్సి రావచ్చు. వినండి. మధ్యలో ‘అయితే ఆ లంగా ఓణీ సంగతేంటి’ అని అడ్డుపడకండి. దాని గురించి ఆమే మాట్లాడుతుంది, ఆ రోజు కాకపోతే మరో రోజు.

ఆ తర్వాత నెలకోసారి, జీతాలు పడిన మొదటి ఆదివారం, ఒక అరగంట చాలు. ఉమ్మడి ఖాతా స్టేట్‌మెంట్ చదివేవాళ్లు ఒక నెల మీరు, ఒక నెల ఆమె. ఎప్పుడూ మీరే చదివితే అది ఆడిట్ అయిపోతుంది. వచ్చే నెల ఏముందో చూసుకోండి, జూన్‌లో ఫీజులూ పుస్తకాలూ ఉంటాయి కాబట్టి ఆ నెల కొంచెం ముందుగా కూర్చోండి. మూడు నెలలకోసారి ఆ ఐదు వేలు, పది వేలు అన్న అంకెలు సరిపోతున్నాయో లేదో మార్చుకోవచ్చు. నేను చెప్పానని ఏదీ పట్టుకు వేలాడొద్దు. ‘ఐదు వేలు దాటితే చెబుదాం’ అనుకుని మూడు వేలు దగ్గరే ఇద్దరికీ హాయిగా ఉంటే అదే పెట్టుకోండి. ఇద్దరికీ ఒకటే వర్తించాలి, అంతే.

చివరగా మీ అమ్మగారు. జీతం మొత్తం కొడుకు చేతికి రావాలని ఆవిడ అనడంలో ఆశ్చర్యం లేదు, ఆవిడ కాపురం అలాగే నడిచి ఉంటుంది. వాదించి గెలవాల్సిన పని లేదు. నెలకు పది వేలు టైముకి పంపండి, రెండు నెలలకోసారి వెళ్లి చూడండి. మీ భార్య జీతం ఎంత, ఎక్కడ పడుతోంది, వాళ్లమ్మకు ఎంత వెళ్తోంది, ఈ వివరాలు అక్కడికి చేరనివ్వకండి. అడిగితే ‘మేమిద్దరం చూసుకుంటున్నాం అమ్మా’ అనండి. రెండోసారి అడిగినా అదే అనండి. నగలు ఇంటికొచ్చాక మాత్రం ఆవిడకు ఫోన్ చేసి చెప్పొచ్చు, ఆ కబురు మీ భార్య చేత చెప్పించండి.